బతికున్నవాళ్ళకు పలకరింపు

మునిరత్నం సారుకు ఉన్న పిచ్చి ఒక్కటే. ఎక్కడైనా ఎవరైనా పోయారని చెవిన పడితే, ఆ ఇంటికి వెళ్ళి పలకరించి వచ్చేదాకా ఆయనకు ముద్ద దిగదు. పోయినవాళ్ళు బంధువులే కానక్కర్లేదు, ముఖపరిచయం కూడా అక్కర్లేదు. మదనపల్లె నుంచి వాల్మీకిపురం పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉంటాడు. దారిలో ఒక ఇంటి ముందు షామియానా, దాని కింద తలలు వంచుకుని కూర్చున్న జనం కనిపిస్తారు. అంతే, "ఆపప్పా, ఆపు, ఈడ దిగాల" అని కండక్టరు భుజం తడతాడు. దిగి, లోపలికి పోయి, చాప మీద ఇంత చోటు చేసుకుని కూర్చుని, కళ్ళు తుడుచుకున్నాక అప్పుడు పక్కవాణ్ణి మెల్లగా అడుగుతాడు.

"ఇంతకీ పోయింది ఎవురప్పా?"

ఒకసారి అలా దిగి కూర్చున్న షామియానా నిశ్చితార్థానిది. జనం తలలు వంచుకున్నది దుఃఖంతో కాదు, సెల్‌ఫోన్లు చూసుకోవడానికి. ఆ సంగతి తెలిసేసరికే ఆయన పెళ్ళికూతురి తండ్రి చేతులు రెండూ పట్టుకుని "ఏం చేస్తామప్పా, గుండె రాయి చేసుకోవాల" అనేశాడు. అప్పటిదాకా బింకంగా తిరుగుతున్న ఆ తండ్రి, ఒక్కగానొక్క కూతురు ఇల్లు వదిలి పోతుందన్న సంగతి అప్పుడే తెలిసినట్టు భోరుమన్నాడు. వంటవాళ్ళు సైతం గరిటెలు కింద పెట్టారు.

ఆయన గొంతు అలాంటిది. ఆ గొంతుతో "టీ చక్కెర తక్కువయింది" అన్నా ఎదుటివాడికి చిన్నప్పుడు తప్పిపోయిన మేకపిల్ల గుర్తుకొస్తుంది. ఆ గొంతు ఆయనకు ఉద్యోగం వల్ల వచ్చింది. పట్టుపురుగుల శాఖలో ముప్పై ఏళ్ళు ఊళ్ళు తిరిగాడు. ఆయన పని ఏమిటంటే, ఇంటింటికీ పోయి తట్టల్లో పురుగులు చూడటం, రోగం తగిలి ఉంటే ఆ మాట ఇంటివాళ్ళకు చెప్పటం. నెల రోజులు పిల్లల్లా సాకిన పురుగులను గుంత తవ్వి సున్నం పోసి పూడ్చండని ఒక ఆడమనిషికి చెప్పాలంటే ఏ గొంతుతో చెప్పాలి? అలా వచ్చిన గొంతు, రిటైరయ్యాక ఆఫీసు తాళాలతో పాటు తిరిగి ఇచ్చేసేది కాదు కదా.

ఈ గొంతు వల్ల అందరికంటే ఎక్కువ నలిగిపోయినవాడు నరేంద్ర. మదనపల్లెలో ఒక కాలేజీలో ఎకనామిక్సు చెబుతాడు. నెమ్మదస్తుడు, పరువు గలవాడు, అన్నిటికీ మించి స్కూటరున్నవాడు. మునిరత్నం సారుకు బండి నడపడం రాదు. ఇద్దరూ ఒకే కమిటీలో ఉన్నారు. నరేంద్ర గ్రహచారం గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఆ కమిటీ సంగతి ఇదీ. మదనపల్లెలో రామప్ప అని ఒక పెద్ద పట్టు వ్యాపారి. భార్య పోయాక ఆమె పేరు మీద చిన్నమ్మ విద్యానిధి పెట్టి, మదనపల్లె, పుంగనూరు, కుప్పం కాలేజీల్లో చదివే పల్లెటూరి పిల్లలకు ఫీజూ హాస్టలూ కడుతున్నాడు. ఊరికే కట్టడు. ప్రతి సెమిస్టరుకూ నూటికి డెబ్భై ఐదు హాజరు ఉండాలి, ఒక్క సబ్జెక్టుకు మించి తప్పకూడదు. ఈ రెండింటిలో ఏది తగ్గినా సాయం ఆగిపోతుంది. ఆగితే ఆ పిల్లల చదువూ ఆగిపోతుంది, వాళ్ళకు వేరే దారి లేదు. కనికరానికి ఒక్కటే సందు పెట్టాడు: ఇంట్లో చావు జరిగితే పదిహేను రోజుల హాజరు మాఫీ. తల్లి పోయిన ఏడు తన చిన్న కూతురు దిగులుతో కాలేజీకి పోలేక చదువు పోగొట్టుకుందని, ఆ నియమం ఆయనే చెప్పి రాయించాడు.

ఇంకేముంది, మూడు ఊళ్ళ చుట్టుపక్కల అవ్వాతాతలకు ఒక్కసారిగా ఆయుష్షు తగ్గిపోయింది. టమాటా కోతలప్పుడు కొందరు, పురుగులు ఆకు ఎడతెగకుండా మేసే వారంలో కొందరు, గంగజాతరకు కొందరు రాలిపోసాగారు. పుంగనూరు కాలేజీలో ఒక పిల్లవాడికి మూడో అవ్వ కూడా పోయింది. "అవ్వలు ఎవరికైనా ఇద్దరే కదరా" అని నరేంద్ర అడిగితే, "మా తాతకు ఇద్దరు సార్" అన్నాడు వాడు, తాత తరఫున కొంచెం సిగ్గుపడుతూ.

హాజరు శాతాలు లెక్కగట్టడం నరేంద్ర పని. చావులు నిజమో కాదో చూసి రావడం మునిరత్నం సారు పని. చేపకు ఏట్లో ఈదమని పని చెప్పినట్టు.

నవీన్ అనే కుర్రవాడు అవ్వ పోయిందని రాసినప్పుడు ఇద్దరూ పుంగనూరు దగ్గర వాళ్ళ ఊరికి బయలుదేరారు. సన్నటి ముసురు. బేకరీ దగ్గర స్కూటరు ఆపించి మునిరత్నం సారు ఒక బ్రెడ్డు కొన్నాడు.

"చావింటికి తీపి తీసకపోకూడదు నరేంద్రా, పండ్లూ తీసకపోకూడదు. బ్రెడ్డుకు ఏ శాస్త్రంలోనూ తప్పు రాయలేదు. పొయ్యి ముట్టించని ఇంట్లో అక్కరకొస్తాది."

ఆ ఇంట్లో పొయ్యి మీద పప్పు ఉడుకుతూ ఉంది. రేకుల వసారాలో ఒక ముసలమ్మ కూర్చుని మచ్చ కాయలు ఏరి పారేస్తూ టమాటాలు బాక్సుల్లో సర్దుతోంది. నరేంద్ర సంగతి గ్రహించి స్కూటరు వెనక్కి తిప్పుకున్నాడు. మునిరత్నం సారు అప్పటికే ఆమె ఎదుట గొంతుక్కూర్చుని పైగుడ్డ కళ్ళకద్దుకున్నాడు.

"ఎంత కష్టమొచ్చిందమ్మా."

"టమాటా రేటు గురించేనా అప్పా?" అంది ముసలమ్మ. "ఏం జెప్పేది, కూలికి గూడా రాలేదు."

"అది గాదమ్మా. నవీన్ వాళ్ళవ్వ పోయిందంట గదా. ఇప్పుడే తెలిసింది."

ముసలమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"నవీన్ గాడి అవ్వంటే... నేనే గదప్పా!"

మామూలు మనిషైతే అక్కడ తడబడి, చెంపలేసుకుని లేచి వచ్చేస్తాడు. మునిరత్నం సారు ఆమెను ఒకసారి తేరిపార చూసి, గొంతు ఇంకాస్త తగ్గించాడు.

"ఏం చేస్తామమ్మా. మన చేతిలో ఏముండాది. నువ్వు ధైర్యంగా ఉండాల."

"యావూరప్పా నీది?" ముసలమ్మ చీపురందుకుంది. "చావని ఇంటికి పలకరింపుకొస్తావా? ఎంత అరిష్టం! మునియమ్మ గుండ్రాయి మాదిరి ఉండాదని ఊర్లో ఎవురినైనా అడుగు పో! ఎవురు చెప్పినారు నీకు నేను పోయినానని?"

"నీ మనవడేనమ్మా."

"వాడా! ఏమని చెప్పినాడు?"

"'మాయమ్మ కంటే మా అవ్వే నన్ను సాకింది సార్. ఆమె లేకుండా పుస్తకం తెరిస్తే అక్షరం కనపడలేదు' అన్యాడు."

చీపురు మెల్లగా కిందికి దిగింది. "ఆ మాట వాడన్యాడా?" అంది మునియమ్మ. "బతికుండంగా ఒక్క పొద్దయినా అనలేదే!" అని, కొంగు నోట్లో కుక్కుకుని, తన చావుకు తానే ఏడవటం మొదలుపెట్టింది. మునిరత్నం సారు పక్కనే కూర్చుని ఊఁ కొట్టాడు. ఆమె పుట్టింది, పెరిగింది, మొగుడు తాగుబోతై పోయింది, బోరు ఎండిపోయింది, కోడలికి పక్షవాతం వచ్చింది, కొడుకు బెంగుళూరులో కూలికి పోయింది, టమాటాలు పీకేదానికి మనవడు తప్ప మనిషి లేనిది, అన్నీ చెప్పింది. అన్నీ అయ్యాక ముక్కు చీదుకుని అడిగింది.

"ఇంతకీ నేను పోతే ఎవురెవురు వొచ్చినారంట?"

"ప్రస్తుతానికి మేమే అమ్మా."

"మా తమ్ముడు?"

"రాలేదు."

"నాకు తెలుసు, రాడు. దొంగనాకొడుకు."

బ్రెడ్డు టీలో ముంచుకు తిన్నారు. లేచే ముందు మునిరత్నం సారు, పోయినవాళ్ళ గుణగణాలు చెప్పే గొంతుతోనే, పిల్లవాడి హాజరు డెబ్భై ఐదు దాటలేదనీ, ఇట్లాగే ఉంటే సాయం ఆగిపోతుందనీ చెప్పాడు. మరుసటి పొద్దున్నుంచి నవీన్ బ్రతుకు బజారున పడింది. మునియమ్మ రోజూ వాణ్ణి రోడ్డుదాకా తోలుకొచ్చి, "నన్ను చంపినోడా, ఎక్కు బస్సు!" అని కేకేసి మరీ ఎక్కించేది. టమాటా పనికి చెల్లెలి మనవళ్ళను పిలిపించుకుంది. కొన్నాళ్ళకు కండక్టరు కూడా "అవ్వను చంపినోడు ఎక్కినాడా? ఎక్కినాడా? రైట్, రైట్" అనడం మొదలుపెట్టాడు. ఆ కుర్రవాడు ఆపైన ఒక్క రోజు మానితే ఒట్టు.

కమిటీలో మాత్రం మునిరత్నం సారు చెప్పింది ఒకే మాట. "పోయి పలకరించి వచ్చినానయ్యా."

కళ్ళు మూసుకుని కూర్చునే రామప్ప "మంచి పని" అన్నాడు. పదిహేను రోజులు మాఫీ అయిపోయాయి.

బయటికొచ్చాక నరేంద్ర ఆగలేకపోయాడు. "సార్, ఆమె బతికే ఉండాది గదా?"

"నేను పోయిందన్యానా? పలకరించినానన్యాను."

ఈ మనిషికి మతి లేదా, ఉండి దాచుకుంటున్నాడా అని నరేంద్రకు చాలాకాలం అనుమానం. లేదనడానికే ఆధారాలు ఎక్కువ. పల్లవి అనే అమ్మాయి తాతను పలకరించడానికి పోతే వాళ్ళు కుక్కను వదిలారు. కుక్కకూ బ్రెడ్డు పెట్టాడు. వాల్మీకిపురంలో గౌతమ్ అనే పిల్లవాడి తాత, తనను పలకరించడానికి వచ్చిన మనిషిని చూసి జడుసుకుని మంచమెక్కి, మూడు వారాలకు నిజంగానే పోయాడు. ఊరంతా మునిరత్నం సారును తిట్టింది. ఆయన మళ్ళీ బ్రెడ్డు పట్టుకుని బయలుదేరాడు.

"మళ్ళా ఏం మొగం పెట్టుకుని పోతారు సార్?" అని నరేంద్ర మొత్తుకున్నాడు.

"అట్లంటావేమప్పా? ముందు ఒకసారి పోయింటిమి. అసలుదానికి పోకపోతే బాగుంటాదా?"

లోపలికి రానివ్వలేదు. గేటు బయట ముసురులో ఇద్దరూ నిలబడ్డారు. పాడె లేచి వీధి మలుపు తిరిగేదాకా నిలబడ్డారు. దారిన పోయే నరేంద్ర విద్యార్థులు నమస్తే సార్, నమస్తే సార్ అంటూ పోయారు.

ఈ వ్యవహారానికి అడ్డుకట్ట వేసింది రామప్ప కొడుకు ప్రతాప్. బెంగుళూరులో పెద్ద చదువు చదివి, ల్యాప్‌టాప్ తెచ్చుకుని కమిటీ కార్యదర్శిగా కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు. మనుషుల కంటే కంప్యూటరులో గడులు బాగా అర్థమయ్యే రకం. మొదటి సమావేశంలోనే, మూడు తాలూకాల్లో చావుల శాతం చూసి కళ్ళు తేలేశాడు.

"ఇకమీదట డెత్ సర్టిఫికెట్ ఉంటేనే మాఫీ. మాటలు చెల్లవు."

ఆ ఒక్క మాటతో మూడు తాలూకాల్లోనూ మరణాలు ఠక్కున ఆగిపోయాయి. ఇంత పని ఏ ఆస్పత్రీ చేయలేదు. మునిరత్నం సారు మాత్రం ఆ కార్తీకమంతా దిగులుగా తిరిగాడు. ఎవరి ఇంటికి పోవాలో తెలియక సాయంత్రాలు రైల్వే స్టేషన్లో కూర్చునేవాడని చెబుతారు.

ఆ సెమిస్టరు చివర హాజరు తగ్గినవాళ్ళలో ఒక్క పేరే మిగిలింది. భవ్య. రామకుప్పం పక్క పల్లె, కుప్పంలో బీఎస్సీ చివరి ఏడాది. మార్కుల్లో ఆమెకు ఎదురు లేదు, హాజరు మాత్రం అరవై ఎనిమిది. సోమవారం సమావేశంలో పేరు కొట్టేస్తే మంగళవారం హాస్టలు ఖాళీ చేయాలి. పరీక్ష ఫీజు కట్టే దిక్కుండదు. మూడేళ్ళ చదువు గట్టెక్కేముందు ఏట్లో కలుస్తుంది.

ఆమె చావు కబురు ఏదీ రాయలేదు. నరేంద్ర ఫోన్ చేశాడు.

"అమ్మా భవ్యా, ఇంట్లో ఏమైనా... జరిగిందా?"

"ఏనుగులొచ్చినాయి సార్."

"ఏనుగులు గాదమ్మా. మనుషుల్లో ఎవురైనా..."

"మనుషులంతా బాగుండారు సార్. మా నాయనకు కాలు ఇరిగి లేయలేడు. నేనూ మాయమ్మా మంచె మీద కావలి ఉంటిమి. పొద్దున కండ్లు తెరుచుకోవు, బస్సు పోతాది. అట్ల తగ్గింది సార్."

"మీ అవ్వ ఆరోగ్యం..."

"బాగుండాది సార్. ఈడే ఉండాది. ఇయ్యమంటారా?"

"వద్దమ్మా, వద్దు" అని నరేంద్ర ఫోను పెట్టేశాడు. సూటిగా నిజం చెబుతున్న పిల్లను, ఎవరో ఒకరిని చంపుకోవే తల్లీ అని బతిమాలుతున్నట్టయింది తన పని. ఇరవై ఏళ్ళ అధ్యాపక వృత్తిలో ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

సమావేశం రామప్ప ఇంటి హాల్లో జరిగింది. బయట మబ్బు దించుకోలేని బరువులా వేలాడుతోంది. ప్రతాప్ ల్యాప్‌టాప్ తెరిచి, "భవ్య. అరవై ఎనిమిది. ఏనుగులంట, కావలంట. ఇంట్లో చావు మాత్రం లేదు. ఆమే ఒప్పుకుంది. పాపమే కానీ రూలు రూలే" అన్నాడు.

మునిరత్నం సారు లేచి నిలబడ్డాడు. పైగుడ్డ సర్దుకున్నాడు.

"అయ్యా, ఆ ఇంటికి పలకరింపుకు పోవాల్సిన పని ఉండాది. నాకే తీరలేదు."

రామప్ప కళ్ళు తెరిచాడు. "ఎవురు పోయినారు?"

"చానా పెద్ద నష్టమయ్యా. పోయి కూర్చున్నాక అడిగితేనే మర్యాద."

"అది నిజమే" అన్నాడు రామప్ప. చేతికర్ర అందుకున్నాడు. "మీ యమ్మ పోయినపుడు అందరికంటే ముందు వచ్చింది ఈయప్పేరా ప్రతాపూ. ఈయప్ప పెద్ద నష్టమంటే పెద్దదే. నేనూ వస్తా. కారు తియ్."

"నాయనా, ఆ అమ్మాయే ఎవరూ పోలేదని..."

"కారు తియ్‌రా."

పుంగనూరు దాటి, పలమనేరు దాటి, కారు వి.కోట వైపు తిరిగింది. ప్రతాప్ మొహం గంటు పెట్టుకుని నడుపుతున్నాడు. పక్కసీట్లో రామప్ప కునుకు తీస్తున్నాడు. వెనక సీట్లో మునిరత్నం సారు పక్కన నరేంద్ర బ్రెడ్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చావని ఇంటికి పలకరింపుకు పోవడం అరిష్టం. అందులోనూ ఎనభై దాటిన పెద్దమనిషిని, ఇంత ముసురులో, ఇంత దూరం!

"సార్" అని చెవిలో గొణిగాడు. "ఆ ఇంట్లో ఎవురూ పోలేదు. నేనే ఫోన్ చేసి కనుక్కున్యాను."

"తెలుసప్పా."

"ఆ అవ్వలంతా బతికుండారని గూడా మీకు తెలుసు గదా? ప్రతిసారీ?"

"తెలియకేం. ముప్పై ఏండ్లు ఊర్లు తిరిగినోణ్ణి."

"మరి యాల పోయేది సార్? కుక్కలు తరిమినా?"

మునిరత్నం సారు కిటికీలోంచి తడిసిన మల్బరీ తోటల వైపు చూశాడు.

"ఉత్తినే పోయి 'మీ కష్టమేందమ్మా' అని అడుగు, తలుపేసుకుంటారు. చావని పేరు చెప్పి కూర్చో, అన్నీ చెప్పుకుంటారు. సరేగానీ ఆ బ్రెడ్డు నలగతాండాది, సరిగ్గా పట్టుకో."

భవ్య వీళ్ళను చూసి, పేరు కొట్టేసిన సంగతి చెప్పడానికే ఇంతమంది వచ్చారనుకుంది. గుంజ పట్టుకుని నిలబడిపోయింది. మునిరత్నం సారు ఇంట్లోకి పోలేదు. "చేను యాడుందమ్మా?" అని అడిగి, రామప్ప చెయ్యి పట్టుకుని గట్టు వెంబడి నడిపించాడు.

అక్కడ రాగిచేను అనేది లేదు. చేనున్న చోట తొక్కుడు పడిన బురద ఉంది. తాంబాళాలంత అడుగులు, ఒక్కో అడుగులో వాన నీళ్ళు. కొన్ని కంకులు బురదలోంచి ఇంకా తలెత్తి చూస్తున్నాయి. పక్కకు ఒరిగిన మంచె కింద సొట్టలు పడిన రేకు డబ్బా ఉంది. ఏనుగులను బెదిరించడానికి రాత్రుళ్ళు వాయించింది దాన్నే. భవ్య తల్లి గంగాదేవి, అవ్వ, ఇద్దరూ మిగిలిన కంకులు ఏరుకుంటున్నారు.

మునిరత్నం సారు తడి గట్టు మీద చతికిలబడ్డాడు. పైగుడ్డ కళ్ళకద్దుకున్నాడు.

"ఎంత కష్టమొచ్చిందమ్మా."

ఏనుగులు పోయాక ఎవరెవరో వచ్చి ఫోటోలు తీసుకున్నారు, కొలతలు వేసుకున్నారు, ఏనుగులు ఏ దారిన వచ్చాయో ఏ దారిన పోయాయో అడిగారు. ఈ మాట మాత్రం ఎవరూ అనలేదు. గంగాదేవి ఒళ్ళో కంకులు ఒళ్ళోనే ఉండగా కూలబడి, "కంకి పట్టింది గదన్నా! పాలు పట్టి గట్టిపడింది గదన్నా!" అని రాగం తీసింది.

రామప్ప కర్ర మీద గడ్డం ఆనించి అలాగే నిలబడ్డాడు. తరువాత మెల్లగా, కొడుకు వద్దన్నా వినకుండా, ఆయన కూడా గట్టు మీద కూర్చున్నాడు.

"ఎన్నాళ్ళదమ్మా?"

"మూడు నెలలు దాటిందయ్యా. ఇంకో పక్షం ఉండింటే కోతకొచ్చేది."

"అయ్యో. చేతికొచ్చిందే పోయింది." మునిరత్నం వైపు తిరిగాడు. "నీకు గురుతుండాదా? మా పురుగులన్నీ ఒక్క పొద్దులో పోయినప్పుడు మాయమ్మ అన్నం ముట్టలేదు. ఊరంతా నవ్వింది, పురుగులకు ఏడుస్తాండాదని. నువ్వొక్కడివే వచ్చి కూర్చుంటివి."

"నేనే గదయ్యా రోగమని చెప్పింది. కూర్చోకుంటే ఎట్ల?"

ముసురు చప్పుడు లేకుండా పడుతోంది. రామప్ప కొడుకు వైపు చూశాడు. "నువ్వూ ఒక మాట పలకరించరా."

బూట్లు బురదలో దిగబడి నిలుచున్న ప్రతాప్ ఒక కాలు పైకి పీక్కున్నాడు. గొంతు సవరించుకుని, "మరి... ఇన్సూరెన్స్ చేసినారా అమ్మా?" అన్నాడు.

అవ్వ వాణ్ణి ఎగాదిగా చూసింది. "ఈయప్ప ఎవురు? ఏనుగుల తరపున వచ్చినాడా?"

అంత ఏడుపులోనూ భవ్యకు నవ్వొచ్చి మొహం తిప్పుకుంది. నరేంద్ర దగ్గాడు. గంగాదేవి కళ్ళు తుడుచుకుని, ఇంత దూరం వచ్చినోళ్ళు సంగటి ముద్ద తిని పోండని లేవబోయింది. "వద్దు తల్లీ, ఇయ్యాళ వద్దు" అని రామప్ప వారించి లేచాడు. బ్రెడ్డు అవ్వ చేతిలో పెట్టారు. అందరూ గట్టు దిగుతుంటే ప్రతాప్, ఇందాకటి మాట దిద్దుకుందామని కాబోలు, చేతులు జోడించి మర్యాదగా అన్నాడు.

"వెళ్ళొస్తామమ్మా."

రామప్ప చేతికర్ర వాడి పిక్క మీద పడింది.

"థూ! నోరు ముయ్‌రా! చావింట్లో వెళ్ళొస్తామంటారా యాడైనా? గమ్మున నడువు!"

"నాయనా, ఇక్కడ చావు..." అని మొదలుపెట్టి ప్రతాప్ అక్కడే ఆగిపోయాడు. చావు జరగలేదంటే, ఇంటి పెద్ద ఎనభై ఏళ్ళు దాటాక చావని ఇంటికి పలకరింపుకు వచ్చినట్టు. ఆ అరిష్టం ఎవరి నెత్తిన పడాలి? చదువుకున్నవాడే, కానీ రామప్ప కొడుకు. తండ్రి తడిసిన తల వైపు ఒకసారి, బురద వైపు ఒకసారి చూసి, నోరు మూసుకుని గమ్మున నడిచాడు. మునిరత్నం సారు ముఖంలో మాత్రం దిగులు తప్ప ఏమీ లేదు.

కారు వి.కోట చేరాక ప్రతాప్ టీ కొట్టు దగ్గర ఆపాడు. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాడు. చాలాసేపు ఏమీ కొట్టలేదు.

"సర్టిఫికెట్ అడుగుతుంది ఇది" అన్నాడు ఎవరితోనూ కాకుండా.

"నేను చూసొచ్చినాను. చాలదా?" అన్నాడు రామప్ప, కళ్ళు మూసుకునే.

"చాలు నాయనా. పదిహేను రోజులు వేస్తాండాను." టకటకా నొక్కాడు. మళ్ళీ ఆగాడు. "పోయినవాళ్ళు విద్యార్థికి ఏమవుతారు అని ఒక గడి ఉండాది సార్. అది నింపందే ముందుకు పోదు. ఏం రాయాల?"

మునిరత్నం సారు టీ గ్లాసు పట్టుకుని ఆలోచించాడు.

"కూడు పెట్టేది అని రాయప్పా. అబద్ధం గాదు గదా."

ప్రతాప్ రాశాడు. "వయసు?"

నిద్రపోతున్నాడనుకున్న రామప్ప ముందు సీట్లోంచి పలికాడు.

"మూడు నెలల పైన. కంకి పట్టింది. అది గూడా రాయి."